జోకులు వేయడం రానివాళ్ళు జోకర్ కాగలరా? ఏమేం నేర్చుకోవాలి?

మీరు అడిగినవి రెండు. జోకర్ వేషం కట్టడానికి ఏమేం రావాలి అన్నది ఒకటి. నలుగురిలో నోరు విప్పలేని సిగ్గరికి అది అబ్బుతుందా అన్నది రెండోది. ముందు రెండోదానికి చెప్తాను: అబ్బుతుంది. పదకొండేళ్ళుగా ఈ వేషం కడుతున్నాను, స్టేజీ మీదా, పిల్లల వార్డుల్లోనూ. ఇప్పటికీ స్నేహితుల మధ్య ఒక జోకు చెప్పబోతే చివరి మాట మర్చిపోతాను.

జోకు చెప్పడం వేరు, జోకర్ పని వేరు. జోకు చెప్పేవాడికి ముగింపు ముందే తెలుసు. జోకర్‌కి ఏమీ తెలియదు. చిన్న పనొకటి నెత్తిన వేసుకుంటాడు, ఎంతో శ్రద్ధగా చేస్తాడు, చెడగొట్టుకుంటాడు. స్విట్జర్లాండ్ జోకర్ గ్రాక్ (1880–1959) పియానో వాయించడానికి వస్తే స్టూలు దూరంగా ఉండేది. స్టూలు జరుపుకుంటే సరిపోతుందని అతనికి తట్టదు. ఆపసోపాలు పడుతూ పియానోనే స్టూలు దగ్గరికి తోసేవాడు. ఇందులో చెప్పుకోవడానికి జోకేమీ లేదు. అతనికి అదే సరైన దారిగా తోచింది, అంతే. నిజానికి ఆయన ఎన్నో వాద్యాలు వాయించగల మనిషి.

ఇది నాకు తెలిసివచ్చింది ఒక కోటు వల్ల. మొదటి ఏడాది నా ఐటమ్‌లో కోటు వేసుకుని టోపీతో గారడీ మొదలుపెట్టాలి. ఒకరోజు కోటు చేతి లోపల లైనింగ్ చిరిగి ఉందని చూసుకోలేదు. చెయ్యి ఆ చిరుగులోకి దూరింది, ఎంత తోసినా బయటికి రాదు. జనం నవ్వుతున్నారు. నాకేమో టెన్షన్. గబగబా లాగి, సర్దుకుని, నా గారడీకి వెళ్ళిపోయాను. దానికి ఎవరూ నవ్వలేదు. తర్వాత మా మాస్టారు ఒకటే అన్నారు: "నవ్వు నీ కోటులో ఉంటే నువ్వు దాన్ని వదిలేసి టోపీ పట్టుకుని పరిగెత్తావేంటయ్యా?"

సరే, తర్వాతి షోకి కావాలనే లైనింగ్ చింపాను. ఒక్క నవ్వు లేదు. నా చేతికి దారి తెలుసు, అది జనానికి కనిపించిపోయింది. ఈసారి చెయ్యి బయటికి వచ్చేస్తుందని ప్రతిసారీ నిజంగా నమ్మడానికి నాకు రెండు నెలలు పట్టింది. మధ్యలో ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. చెయ్యి ఇరుక్కోగానే మళ్ళీ తోయకూడదు. ఆగాలి. ఊపిరి తీసుకుని, తల తిప్పి జనం వంక చూడాలి. 'చూశారా, నా పరిస్థితి?' అన్నట్టు. నవ్వు వచ్చేది చాలాసార్లు ఆ చూపుకే, చేసిన పనికి కాదు. ఆ నవ్వు పూర్తిగా తగ్గకముందే కొత్త ఉపాయం తట్టాలి, అదీ బెడిసికొట్టాలి.

సిగ్గరివాళ్ళకు నచ్చే సంగతి ఒకటుంది. పారిస్‌లో నటన నేర్పిన జాక్ లెకోక్ 1960లలో విద్యార్థులను ఒక్కొక్కరినీ లేపి, అందరినీ నవ్వించమన్నాడట. కుప్పిగంతులు వేశారు, మాటలతో ఆడుకున్నారు, ఎవరూ నవ్వలేదు. ఇక చేతకాదని మొహం వేలాడేసుకుని వెళ్ళి కూర్చుంటుంటే అప్పుడు నవ్వారు. ఎర్ర ముక్కును ప్రపంచంలోకెల్లా చిన్న మాస్కు అన్నదీ ఆయనే. మీ సిగ్గును దాచకండి, దాన్నే వాడుకోండి.

ఇక ఒంటితో చేసే పని. ఉత్తుత్తి చెంపదెబ్బలో చప్పుడు చేసేది దెబ్బ తినేవాడు. కొట్టే చెయ్యి మొహం ముందు నుంచి పోతుంది, సరిగ్గా ఆ క్షణంలో వీడు జనానికి కనపడకుండా ఛాతీ దగ్గర చప్పట కొట్టి తల తిప్పాలి. పడటం మాత్రం చదివి నేర్చుకునేది కాదు. పరుపు మీద, తెలిసినవాళ్ళ దగ్గర నేర్చుకోండి. గడ్డం ఛాతీకి ఆనించడం, ఊపిరి వదలడం, మోచేతుల మీద కాకుండా తొడ పక్క నుంచి దొర్లడం మొదటి పాఠాలు. ఇంగ్లండ్‌లో తెల్ల మొహం వేషానికి రూపం ఇచ్చిన జోసెఫ్ గ్రిమాల్డీ (1778–1837) ఒళ్ళు హూనమై నలభైల్లోనే రంగస్థలం వదిలేయాల్సి వచ్చింది. 1828 వీడ్కోలు ప్రదర్శనలో నిలబడలేక కుర్చీలో కూర్చున్నాడు. మోకాళ్ళను అశ్రద్ధ చేయకండి. మూడు బంతుల గారడీ కావాలంటే మంచం ముందు నిలబడి సాధన చేయండి, జారిన బంతి మంచం మీదే పడుతుంది, దూరంగా దొర్లిపోదు. చేతుల్ని చూడొద్దు, బంతి పైకి వెళ్ళి ఆగే చోటు చూడండి.

మేకప్ గురించి జనం ఎక్కువ ఆలోచిస్తారు, నేను తక్కువ. కనుబొమ్మలు, నోటి మూలలు దూరం నుంచి కనిపిస్తే చాలు. తెల్లరంగు చెదరకుండా ఉండాలంటే శుభ్రమైన నూలు సాక్సులో పౌడర్ పోసి, ముడి వేసి, దానితో మొహం మీద తట్టండి. ముక్కు అంటించే జిగురు ముందురోజు మణికట్టు మీద రాసి చూసుకోండి. నేను చూసుకోక ఒకసారి వారంపాటు వేషం లేకుండానే ఎర్ర ముక్కుతో తిరిగాను.

వార్డుల్లో పని పూర్తిగా వేరు. న్యూయార్క్‌లో 1986లో మైకేల్ క్రిస్టెన్‌సెన్ జోకర్లను ఆసుపత్రులకు క్రమం తప్పకుండా పంపే పద్ధతి మొదలుపెట్టాక ఎన్నో దేశాల్లో ఇది సాగుతోంది. అక్కడ నాకు తెల్లరంగు ఉండదు, ముక్కు ఒక్కటే. చిన్నపిల్లలు పూర్తి వేషం చూస్తే జడుసుకుంటారు, మొహంలో ఏ భావం ఉందో వాళ్ళకు అందదు. చేతులు కడుక్కుని, తలుపు దగ్గరే ఆగి, లోపలికి రావచ్చా అని ఆ బిడ్డనే అడుగుతాను. మంచం మీద ఉన్న బిడ్డకు సూది వద్దనే హక్కు లేదు, మందు వద్దనే హక్కు లేదు. నన్ను మాత్రం వద్దనొచ్చు. ఒక పాప వరసగా మూడు రోజులు "వద్దు, ఫో" అంది. మూడుసార్లూ తలుపుకి నుదురు కొట్టుకుని వెళ్ళిపోయాను. నాలుగో రోజు నేను కాస్త ఆలస్యంగా వెళ్తే, నన్ను వెళ్ళగొట్టడానికి పొద్దుటినుంచీ ఎదురుచూస్తోందని నర్సమ్మ చెప్పింది.