అరణ్యమా, ఎడారా?

సందేహం: ఇశ్రాయేలీయులు నలభై ఏళ్లు ‘అరణ్యములో’ తిరిగారని తెలుగు బైబిలులో ఉంది. సీనాయి వైపు అడవులెక్కడివి? ‘ఎడారి’ అని దిద్దుకోవచ్చా?

సమాధానం: దిద్దితే తప్పనలేను గానీ, దిద్దనక్కర లేదంటాను. ముందు మీ మనసులోని చెట్లను కాసేపు పక్కన పెట్టండి.

‘అరణ్యం’ పుట్టుక ‘అరణ’ శబ్దం నుంచి. వేదభాషలో అరణమంటే దూరపుది, పరాయిది. ఊరి పొలిమేర దాటిందల్లా అరణ్యమే. చెట్లుంటే ఉన్నాయి, లేకుంటే లేవు. పశువులను గ్రామ్యాలు, ఆరణ్యాలు అని విడదీసిందీ ఈ లెక్కనే. అమరకోశం రాసిన అమరసింహుడు ‘అటవ్యరణ్యం విపినం గహనం కాననం వనమ్’ అని అన్నిటినీ ఒకే గాటన కట్టాడు. మనం దాన్నే వల్లించి తేడా మరిచాం. పాండవులు చేరిన కామ్యకవనం ఎక్కడుందో తెలుసా? ‘సరస్వతీకూలే సమేషు మరుధన్వసు’ అన్నాడు వ్యాసుడు. మరువన్నా ధన్వమన్నా నీళ్లులేని నేలే. ‘సమానౌ మరుధన్వానౌ’ అన్నదీ ఆ అమరుడే. ఆరణ్యపర్వం అనగానే నల్లమలను ఊహించుకునేవారికి ఇది మింగుడుపడదు.

హీబ్రూలో ఉన్న మాట ‘మిద్బార్’. సంఖ్యాకాండానికి హీబ్రూ పేరే ‘బెమిద్బార్’, అంటే ‘మిద్బారులో’. ఇది ఇసుక దిబ్బల పేరు కాదు. పైరు పండని, మందలు మేసే బయలు. మంద తోలడానికి చెప్పే ధాతువుతో దీనికి చుట్టరికం కలిపేవారున్నారు. అది ఎలా ఉన్నా వాడుక స్పష్టం. సంఖ్యాకాండం 14:33లో ‘మీ పిల్లలు’ నలభై ఏళ్లు ఏమవుతారంటే, మూలంలో ఉన్నది ‘రోయీమ్’, కాపరులు. గడ్డిపోచ మొలవని చోట కాపరులకేం పని? దేవుని ఆజ్ఞల పలకలుంచిన పెట్టెను, అంటే మందసాన్ని, చేసింది కూడా తుమ్మకఱ్ఱతోనే, రెండున్నర మూరల పొడవున. అంటే చెట్లు బొత్తిగా లేని చోటూ కాదు. యెషయా 40:3లో మన అనువాదకులు మిద్బారుకు అరణ్యమనీ, ‘అరాబా’ అనే మరో హీబ్రూ మాటకు ఎడారి అనీ వేరు చేసి వాడారు. తెలియక చేసిన పని కాదది.

క్రైస్తవ పాఠకుడు మాట మార్చేముందు ఇంకొకటి చూసుకోవాలి. మత్తయి 4లో యేసు శోధింపబడిందీ ‘అరణ్యము’లోనే, నలభై రోజులు. రాళ్లను రొట్టెలు చేసుకొమ్మన్న శోధనకు ఆయన చెప్పిన జవాబు ద్వితీయోపదేశకాండం 8:3, ఇశ్రాయేలీయులకు అరణ్యంలో దేవుడిచ్చిన ఆహారమైన మన్నాను గురించిన వచనం. ఒకచోట ఎడారి, ఒకచోట అరణ్యం అంటే ఈ ముడి విడిపోతుంది. మార్చదలిస్తే రెండుచోట్లా మార్చండి.

‘ఇశ్రాయేలీయుల వనవాసం’ మాత్రం వద్దు. అక్కడ వనమూ లేదు, కుదురైన వాసమూ తక్కువే. సంఖ్యాకాండం 33 నిండా మజిలీల పట్టికే. హోరేబు కొండ నుంచి కనాను పొలిమేరలోని కాదేషు బర్నేయకు 11 రోజుల దారి. కాదేషు నుంచి జెరెదు వాగు దాటడానికి 38 ఏళ్లు. దూరం వల్ల కాదు, కనాను దేశాన్ని చూసివచ్చిన వేగులవాళ్ల మాటకు జడిసినందువల్ల: వేగు చూసిన రోజుకొక ఏడాది చొప్పున శిక్ష.

‘మన్నా’ అంటే ‘మన్ హూ’, ఇదేమిటి అని. ఊరక వచ్చిపడిన లక్షలకు ‘మన్నా కురిసింది’ అనడం ఈమధ్య ఫ్యాషన్. నిజానికి రోజుకు తలకొక ఓమెరు (ఒక కొలత) మాత్రమే దక్కేది; మామూలు రోజున మర్నాటికి దాచితే పురుగుపట్టి కంపుకొట్టేది. ఆరో రోజున మాత్రం రెండు ఓమెర్లు, అదీ విశ్రాంతి దినం కోసం.