స్మార్ట్ సిటీ పేరున్న కోర్సుకు అప్పు చేయాలా?

ప్రశ్న: మాది కరీంనగర్. బాబు ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. కంప్యూటర్స్ సీటు వచ్చే ర్యాంకు రాలేదు. ఒక ప్రైవేటు కాలేజీలో స్మార్ట్ సిటీ టెక్నాలజీ పేరుతో బీటెక్ ఉందని, వంద నగరాల్లో ఉద్యోగాలుంటాయని చెబుతున్నారు. అప్పు చేసైనా మేనేజ్‌మెంట్ కోటాలో చేర్పిద్దామనుకుంటున్నాం. ఉత్త సివిల్ చదివితే వాడి బతుకు ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉంది. ప్లానింగ్ కోర్సుతో కూడా పోల్చి చెప్పండి.

జవాబు: సివిల్ చదివినంత మాత్రాన ఎవరి బతుకూ పాడవదు. ముందు ఆ భయం వదిలేయండి. ఊళ్లు పెరుగుతున్నంత కాలం తాగునీరు, డ్రైనేజీ, రోడ్లు, మ్యాపులు తెలిసినవాళ్ల అవసరం ఉంటుంది. ప్రతి ఏడాదీ ఇదే భయంతో తల్లిదండ్రులు నాకు రాస్తూనే ఉంటారు. కోర్సు పేరే మారుతూ ఉంటుంది.

ఇక ఆ వంద నగరాల మాట. వంద నగరాల్లో సౌకర్యాలు మెరుగుపరచడానికి కేంద్రం తెచ్చిన స్మార్ట్ సిటీస్ మిషన్ అనే పథకం 2015 జూన్‌లో మొదలైంది. కేంద్రం వాటా 48,000 కోట్ల రూపాయలు. విశాఖ, కాకినాడ 2016 జనవరిలో తొలి జాబితాలోనే వచ్చాయి. తర్వాత వరంగల్, తిరుపతి, మీ కరీంనగర్, అమరావతి చేరాయి. గడువు పొడిగిస్తూ వచ్చి, 2025 మార్చి 31తో మిషన్‌ను ముగించారు. ముగిసిన పథకం పేరు చెప్పి, నాలుగేళ్ల తర్వాత బయటికొచ్చే పిల్లాడికి ఉద్యోగం చూపిస్తున్నారంటే నాకు మింగుడుపడటం లేదు.

మిషన్ నడిచినప్పుడైనా ఉద్యోగాలు ఎలా ఉండేవో చూడండి. ప్రతి నగరానికీ ఒక ప్రత్యేక కంపెనీ పెట్టారు. అందులో డిప్యుటేషన్ మీద వచ్చిన అధికారులు, కాంట్రాక్టు సిబ్బంది, కన్సల్టెన్సీ మనుషులు పనిచేశారు. నగరాన్నంతా ఒకచోటి నుంచి గమనించే కమాండ్ కంట్రోల్ సెంటర్‌లో కెమెరాలు, సిగ్నళ్లు, సాఫ్ట్‌వేర్ టెండర్ దక్కిన కంపెనీల చేతిలో ఉంటాయి. ఆ కంపెనీలు ఎలక్ట్రానిక్స్, నెట్‌వర్కింగ్, డేటా తెలిసినవాళ్లను తీసుకుంటాయి. రోడ్లు, డ్రెయిన్ల పనికి సివిల్ వాళ్లు కావాలి. డిగ్రీ మీద స్మార్ట్ అని ఉందా అని అక్కడెవరూ అడగరు. పైగా ప్రభుత్వ సివిల్ అసిస్టెంట్ ఇంజినీర్ పోస్టుల నోటిఫికేషన్లు అడిగేది సివిల్ డిప్లొమా లేదా డిగ్రీ. రేపు పట్టా మీద వేరే పేరుంటే, అది సివిల్‌కు సమానమని సర్టిఫికెట్ల పరిశీలనలో నిరూపించుకోవడం పిల్లాడి తలనొప్పి అవుతుంది. పట్టా మీద అచ్చయ్యే పేరేంటో కాలేజీవాళ్లతో రాయించుకుని తీసుకోండి.

ప్లానింగ్, అంటే ఊళ్లు ఎలా పెరగాలో ప్రణాళిక వేయడం నేర్పేది, మంచి చదువు, మనవాళ్లు తక్కువగా పట్టించుకునే చదువు. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ 2008 నుంచి ఉంది. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ)లోనూ చదవొచ్చు. మాస్టర్ ప్లాన్లు ఇప్పుడు జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు, వాటి వివరాలు కలిపి చూసే పద్ధతి) మీదే తయారవుతున్నాయి, కేంద్రం అమృత్ పథకం కూడా అందుకు డబ్బిచ్చింది. అయితే ప్రభుత్వ పోస్టుల సంఖ్య తక్కువ, మొదట్లో కన్సల్టెన్సీల జీతాలు అంతంత మాత్రం. ఊరు ఎందుకిలా పెరిగిందని ఆలోచించే పిల్లలకు ఇది నప్పుతుంది. లేదంటే సివిల్‌లో చేరి, పక్కన జీఐఎస్, కొంచెం ప్రోగ్రామింగ్ నేర్చుకుంటే చాలు. నగరాల నీటి సరఫరా, మురుగునీటి మీద దృష్టిపెట్టి 2021లో మొదలైన అమృత్ 2.0 లాంటి పనుల్లో ఆ రెండూ తెలిసినవాళ్లకు విలువుంటుంది.

ఒక మాట కటువుగానే చెప్పాలి. మీ ఉత్తరమంతా వెతికినా బాబుకు ఏం ఇష్టమో ఒక్క వాక్యం లేదు. కోర్సు మీరు ఎంచారు, అప్పు మీరు చేస్తున్నారు, నాలుగేళ్లు కూర్చోవాల్సింది మాత్రం వాడు. కంప్యూటర్స్ రాలేదన్న బాధను కొత్త పేరున్న కోర్సుతో కప్పేసుకుంటున్నారు. వాడు ఓడిపోయాడని మీరు అనుకున్నంత కాలం వాడూ అలాగే అనుకుంటాడు. దయచేసి ఇంట్లో ర్యాంకు మాట ఆపండి.

ఈ వారం బాబును మీ మున్సిపల్ కార్పొరేషన్‌లో టౌన్ ప్లానింగ్ సెక్షన్‌కు, నీటి సరఫరా చూసే ఇంజినీర్ల దగ్గరికి ఒక పూట వెళ్లి రమ్మనండి. మీరు వెంట వెళ్లకండి. అక్కడ వాళ్లు ఏం చేస్తున్నారో చూసొచ్చి, తనకు ఏది నచ్చిందో వాణ్నే రాయమనండి. అంతవరకు ఆ కాలేజీకి అడ్వాన్సు కట్టకండి.