1968 మోరిస్ మైనర్: ‘ట్యాక్స్ లేదు’ అన్నారు, ‘అన్‌ట్యాక్స్‌డ్’ అని చూపిస్తోంది

మీరు 1968 మోరిస్ మైనర్ కారు కొన్నారు; అమ్మినాయన ‘ట్యాక్స్ లేదు’ అన్నాడు, వెతికితే ‘అన్‌ట్యాక్స్‌డ్’ (ట్యాక్స్ చేయలేదు) అని చూపిస్తోంది. కారణం ఇదీ: కారు అమ్ముడైన వెంటనే పాత యజమాని చేసిన వాహన ట్యాక్స్ రద్దయిపోతుంది. బ్రిటన్‌లో 2014 అక్టోబరు నుంచి ఇదే పద్ధతి. పాత కార్ల వారపత్రిక ప్రకటనలో ‘ట్యాక్స్ ఫ్రీ’ అని ఉంటే సొమ్ము కట్టక్కర్లేదని మాత్రమే అర్థం. సున్నా పౌండ్లకైనా మీ పేరున ట్యాక్స్ చేయాలి, అదీ ఏటా. చాలామంది ఇక్కడే తప్పుతారు.

1. అమ్మినాయన లాగ్‌బుక్ (కారు రిజిస్ట్రేషన్ పత్రం) నుంచి చించి ఇచ్చిన ఆకుపచ్చ స్లిప్ తీయండి. దాని మీది 12 అంకెల నంబరును ప్రభుత్వ వెబ్‌సైట్‌లో కొట్టండి.

2. కట్టాల్సింది సున్నా అని చూపిస్తే, ఎమ్‌ఓటీ (వాహనం భద్రంగా ఉందో లేదో చూసే ఏటా పరీక్ష) మినహాయింపు ఉందని ప్రకటించి పూర్తిచేయండి. కారులో గత 30 ఏళ్లలో పెద్ద మార్పులు జరిగి ఉంటే ఆ మినహాయింపు ఉండదు. ఇంజన్ మార్చారేమో ముందే అడగండి.

3. డబ్బు అడిగితే మాత్రం కట్టకుండా ఆగండి. కారు 40 ఏళ్లు దాటినా ‘హిస్టారిక్’ (ట్యాక్స్ సొమ్ము లేని పాత వాహనాల) తరగతిలోకి దానంతటది మారదు, ఎవరో ఒకరు అడగాలి. పాత యజమాని అడగలేదన్నమాట. మీ పేరున లాగ్‌బుక్ రాగానే దాన్నీ, నింపిన వీ112 ఫారాన్నీ (ఎమ్‌ఓటీ మినహాయింపు ప్రకటన) తీసుకుని, వాహన ట్యాక్స్ చూసే పోస్టాఫీసుకు వెళ్లండి. తరగతిని ఒక్కసారి మార్పిస్తే చాలు.

ట్యాక్స్ అయ్యేదాకా కారును రోడ్డెక్కించకండి, ఇంటి ముందు వీధిలో కూడా నిలపకండి. కెమెరాలు పట్టేస్తాయి. ఇన్సూరెన్స్ మాత్రం ఈరోజే చేయించండి.