యంత్రానికి తెలుగు నేర్పే చదువులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

మాట విని రాసిపెట్టే, రాసింది చదివి వినిపించే, ఒక భాష నుంచి మరో భాషకు మార్చే సాఫ్ట్‌వేర్ల వెనక ఏ చదువు ఉంటుందని చాలామంది అడిగారు. ఒకే తరహా ఉత్తరాలను కలిపి ఆరు ప్రశ్నలుగా ఇస్తున్నాం.

మా అమ్మాయి ఇంటర్ ఎం.పి.సి. రెండో సంవత్సరం. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కంప్యూటేషనల్ లింగ్విస్టిక్స్ అనే కోర్సు ఉందట. అది ఇంజినీరింగా, భాషా చదువా? సీటు ఎలా వస్తుంది?
— ఒక తండ్రి, నల్గొండ

రెండూనండి, కంప్యూటరుకు మనుషుల భాష నేర్పే చదువిది. ఐదేళ్ల కోర్సు. పూర్తిచేస్తే బీటెక్, ఎం.ఎస్. బై రీసెర్చ్ అని రెండు పట్టాలు చేతికొస్తాయి. ముందుగా ఒక మాట: పదో తరగతి మార్కులతో సీట్లిచ్చే బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలు వేరు, గచ్చిబౌలిలో 1998లో మొదలైన ఈ సంస్థ వేరు. పేరు ఒకటే కావడంతో దరఖాస్తులే తప్పుచోట పెట్టేవాళ్లున్నారు. భాషా సాంకేతికతకు ఇక్కడ ఎల్.టి.ఆర్.సి. అనే పరిశోధన కేంద్రం ప్రత్యేకంగా ఉంది. ఈ కోర్సుకు ఊపిరి అదే.

ఈ ఐదేళ్ల కోర్సులకు యు.జి.ఇ.ఇ. అనే పరీక్ష ఉంటుంది. అందులో రెండు భాగాలు. మొదటిదాంట్లో ఇంటర్ స్థాయి లెక్కలు, ఫిజిక్స్ లాంటివి అడుగుతారు. రెండోది ఆలోచనా తీరును పరీక్షించేది, దానికే సమయం ఎక్కువ. గట్టెక్కినవాళ్లను ఇంటర్వ్యూకి పిలుస్తారు. దరఖాస్తుల గడువు ఇంటర్ ఫలితాలకు ముందే ముగుస్తుంది కాబట్టి మార్కులు చూశాక ఆలోచిద్దాం అనుకుంటే ఆ ఏడాది పోయినట్టే.

రెండో భాగానికి కోచింగ్ మెటీరియల్ పెద్దగా పనికిరాదు. లింగ్విస్టిక్స్ ఒలింపియాడ్ పాత ప్రశ్నలు చేయించండి. తెలియని భాషలోని పది వాక్యాలూ వాటి అర్థాలూ ఇచ్చి, ఆ భాష నియమాలు కనిపెట్టమంటారు. సొంత భాషతోనూ సాధన చేయొచ్చు. ‘వచ్చాను, వచ్చాడు, వచ్చారు’ అన్నప్పుడు ఎవరు వచ్చారో క్రియలోనే తెలుస్తుంది. ‘రాలేదు’ అంటే మాత్రం నేనైనా, వాడైనా, వాళ్లైనా ఒకటే రూపం. మరి ‘రాను, రాడు, రారు’ దగ్గర మళ్లీ తేడా ఎందుకొచ్చింది? ఇలాంటి ప్రశ్న దగ్గర మీ అమ్మాయి అరగంట కూర్చోగలిగితే కోర్సు నచ్చుతుంది. సీఎస్‌ఈ సీటుకు దొడ్డిదారి అనుకుని చేరినవాళ్లకు మాత్రం నాలుగో ఏట థీసిస్ పని మొదలయ్యాక ఉక్కిరిబిక్కిరి తప్పదు.

ఎం.ఏ. తెలుగు చదువుతున్నాను. పదో తరగతి తర్వాత లెక్కల జోలికి వెళ్లలేదు. ఈ రంగంలో నాలాంటివాళ్లకు చోటుందా?
— ఒక విద్యార్థిని, కడప

ఉంది. దారి భాషాశాస్త్రం మీదుగా. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అనువర్తిత భాషాశాస్త్రం, అనువాద అధ్యయనాల కేంద్రం ఉంది, అక్కడి ఎం.ఏ.కు సి.యు.ఇ.టి. పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖ ఉంది, దానికి సి.పి.గెట్. ప్రసిద్ధ భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1962 నుంచి దాదాపు పాతికేళ్లు ఆచార్యులుగా ఉన్న శాఖ అది. రెండుచోట్లా ఏ డిగ్రీ చేసినవాళ్లయినా దరఖాస్తు పెట్టుకోవచ్చు.

మీ దగ్గర ఇప్పటికే ఉన్న సరుకును తక్కువగా చూడకండి. ‘చాప’లో చ వేరు, ‘చీమ’లో చ వేరు: ఒకటి దంత్యం, ఇంకొకటి తాలవ్యం. అక్షరం ఒకటే. వ్యాకరణం చదివినవాళ్లకు ఇది మొదటి ఏడాది పాఠం. తెలుగును చదివి వినిపించే యంత్రం కట్టే ఇంజినీరుకు ఇది తెలియకపోతే, ‘చాలు’, ‘చక్రం’ రెండింటినీ ఒకే చ తో పలికించి పరాయివాడి తెలుగు తయారు చేస్తాడు. సున్నా సంగతీ అంతే. గంప, గంట, అందం, పంకజం — రాత ఒకటే, పలికే అనునాసికం నాలుగు రకాలు.

నేర్చుకోవాల్సింది ఈ వరసలో నేర్చుకోండి. ముందు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, అదీ టెక్స్ట్ ఫైళ్లు తెరవడం, పదాలు లెక్కపెట్టడం వరకే. తర్వాత రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు, అంటే ఒక నమూనాకు సరిపోయే పదాలను వెతికే సూత్రాలు: లక్ష వాక్యాల్లో ‘-కపోయినా’తో ముగిసే పదాలన్నీ ఒక్క లైనుతో ఏరగలగాలి. ఆ తర్వాత సంభావ్యత, అక్కడినుంచి మాత్రికలు. రోజుకు రెండు గంటల చొప్పున కూర్చుంటే మొదటి రెండింటికీ మూడు నెలలు చాలు. ఎన్.పి.టి.ఇ.ఎల్. అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీ అధ్యాపకుల ఎన్.ఎల్.పి. (కంప్యూటరుతో భాషను విశ్లేషించడం) పాఠాలు ఉచితం, పరీక్షకు మాత్రమే ఫీజు. కానీ సంభావ్యత రాకముందే వాటిలో దిగితే మూడో వారంలోనే ఆగిపోతారు.

తెలుగు ఫైళ్లతో పని మొదలుపెట్టగానే మూడు చిక్కులు ఎదురవుతాయి. పాత డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టిన పుస్తకాలు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర సంకేతాల పద్ధతి) కావు. ముందు మార్చుకోవాలి, మార్చాక వత్తులు, గుణింతాలు చోటు తప్పాయేమో కొన్ని పేజీలు చేత్తో సరిచూసుకోవాలి. రెండోది, ‘బస్’ లాంటి పొల్లు పదాల చివర జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే, అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు ఒక్కోసారి దాక్కుని ఉంటుంది. మీకు ఒకటే పదం, కంప్యూటరుకు రెండు. పదాల జాబితాలో ఒకే మాట రెండుసార్లు వచ్చిందంటే ముందు దీన్నే అనుమానించండి. అలాగని అన్నిచోట్లా తీసేస్తే ‘సాఫ్ట్‌వేర్’లో వ కాస్తా వత్తుగా మారిపోతుంది. పదం చివర ఉన్నవాటినే తీయాలి. మూడోది ఐత్వం. యూనికోడ్‌లో దాన్ని ఒకే సంకేతంగానూ రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. ఎన్.ఎఫ్.సి. నార్మలైజేషన్ ఒక్కసారి నడిపితే అన్నీ ఒకే రూపానికి వస్తాయి.

ఈసీఈ ఫైనలియర్. మా ప్రాజెక్టు తెలుగు స్పీచ్ రికగ్నిషన్. ఆరుగురు స్నేహితులం తలా 100 వాక్యాలు ఫోన్లో రికార్డు చేసి మోడల్‌ను ట్రైన్ చేశాం. టెస్టులో 97 శాతం వచ్చింది. రివ్యూ రోజున హెచ్.ఓ.డి. సార్ మాట్లాడితే ఒక్క వాక్యం కూడా సరిగ్గా రాలేదు. ఎక్కడ తప్పు జరిగింది?
— ఒక విద్యార్థి, విజయవాడ

మీ 97 శాతం నిజం కాదు. రికార్డింగులన్నీ కలిపేసి, అందులోంచి పదో వంతు తీసి టెస్టుకు పెట్టి ఉంటారు. అంటే టెస్టులోనూ ఆ ఆరు గొంతులే. ఆరుగురూ చదివింది అవే 100 వాక్యాలైతే వాక్యాలు కూడా అవే. మోడల్ తెలుగు నేర్చుకోలేదు, మిమ్మల్ని ఆరుగురినీ బట్టీ పట్టింది.

ఐదుగురితో ట్రైన్ చేసి ఆరోవారితో టెస్టు చేయండి. అలా వంతులవారీగా ఆరుసార్లు చేసి సగటు తీయండి. టెస్టు వాక్యాలు ట్రైనింగులో ఉండకూడదు. అంకె ఘోరంగా పడిపోతుంది, కానీ రివ్యూలో నిలబడేది అదే. ట్రైన్ చేస్తూ సెట్టింగులు మార్చుకోవడానికి మూడో ముక్క వేరుగా పెట్టుకోండి. టెస్టు డేటాను చూసి సెట్టింగులు మార్చారంటే మళ్లీ మొదటికొచ్చినట్టే.

ఇక డేటా. ఆరుగురు, 100 వాక్యాలు, వాక్యానికి 5 సెకన్లు అనుకుంటే మొత్తం 50 నిమిషాలు. దాంతో సున్నా నుంచి మోడల్ కట్టడం అయ్యే పని కాదు. విస్పర్ గానీ వేవ్‌టువెక్ గానీ, వేల గంటలు ముందే విన్న మోడల్ తీసుకుని దాన్ని ఫైన్‌ట్యూన్ చేయండి, అంటే మీ డేటాతో మరికొంత నేర్పండి. అదనపు డేటాకు ఓపెన్ ఎస్ఎల్ఆర్ అనే వెబ్‌సైటులో 66వ నంబరు కింద గూగుల్ ఇచ్చిన తెలుగు రికార్డింగులు ఉచితంగా దొరుకుతాయి, అనేక గొంతులున్నాయి. స్పీచ్ పరిశోధకుల ఇంటర్‌స్పీచ్ సదస్సు 2018 సెప్టెంబరులో మన హైదరాబాద్‌లోనే జరిగింది. అప్పటి పోటీ కోసం మైక్రోసాఫ్ట్ తెలుగు, తమిళం, గుజరాతీ డేటా విడుదల చేసింది. దాన్నీ వాడుకోవచ్చు.

రికార్డింగు 16 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో, వేవ్ ఫైలు. గంటకు సుమారు 115 ఎంబీ అవుతుంది. మీ ఫైలు అంతకన్నా బాగా చిన్నదిగా ఉంటే ఎక్కడో కుదింపు జరిగిందన్నమాట. వాట్సాప్‌లో పంపించుకున్న వాయిస్ నోట్లు పనికిరావు. ఫోన్ కాల్ రికార్డింగు చాలావరకు 8 కిలోహెర్ట్జ్. అందులో 4 కిలోహెర్ట్జ్ పైనున్న ధ్వని ఉండనే ఉండదు, స లాంటి ఊష్మాల బలమంతా అక్కడే. తర్వాత 16కు పెంచినా పోయింది తిరిగి రాదు. ఫ్యాన్ ఆపండి, ఫోన్ నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు పెట్టండి. ఎదురుగా పెడితే ప, ఫ, భ దగ్గర గాలి కొట్టి శబ్దం పగులుతుంది. ధ్వని లక్షణాలు (ఫీచర్లు) తీసేటప్పుడు ఒక్కసారికి చూసే ముక్క (విండో) 25 మిల్లీసెకన్లు, తర్వాతి ముక్కకు జరిగే దూరం (హాప్) 10 మిల్లీసెకన్లు. 16 కిలోహెర్ట్జ్‌లో అవి 400, 160 శాంపిల్స్. మీ కోడులో ఈ అంకెలు వేరేగా ఉంటే శాంప్లింగ్ రేటు ఎక్కడో తప్పు చదువుతోంది. మొదటి రోజే పది ఫైళ్లు ప్రాత్ అనే ధ్వని విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూసి, చెవితో విని ఉంటే సగం తప్పులు అప్పుడే దొరికేవి. ఆ పని చేసే టీములు తక్కువ.

ఫలితం కొలిచేటప్పుడు తెలుగుకే ప్రత్యేకమైన గండం ఒకటుంది. మనిషి రాసింది ‘వాడు ఇంటికి వచ్చేశాడు’, మోడల్ రాసింది ‘వాడు ఇంటికొచ్చేశాడు’ అనుకోండి. చెవికి తేడా దాదాపు లేదు. కానీ మూడు పదాల్లో ఒకటి మారింది, ఒకటి పోయింది కాబట్టి వర్డ్ ఎర్రర్ రేటు (పదాల్లో తప్పుల శాతం) 66.7 శాతం! అందుకే క్యారెక్టర్ ఎర్రర్ రేటు (అక్షరాల్లో తప్పుల శాతం) కూడా పక్కనే ఇవ్వండి. రాసేవాళ్లందరూ సంధులు ఎక్కడ కలపాలో, ఎక్కడ విడదీయాలో ముందే ఒక పేజీ నియమాలు రాసుకోండి. అంకెలకూ అంతే: ‘2024’ అని రాయాలా, ‘రెండువేల ఇరవై నాలుగు’ అని రాయాలా? ఏదో ఒకటే ఉండాలి.

స్పీచ్ సైన్స్ కోర్సుల కోసం వెతికితే మైసూరు సంస్థ పేరు వస్తోంది. అది ఇదేనా?
— ఒక పాఠకురాలు, అనంతపురం

కాదు. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో ముఖ్యమైన కోర్సు బి.ఏ.ఎస్.ఎల్.పి. నత్తి, వినికిడి లోపం, పక్షవాతం తర్వాత మాట పడిపోవడం వంటివాటికి చికిత్స చేసేవాళ్లను తయారుచేసే నాలుగేళ్ల చదువు. వృత్తి చేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదు కావాలి. మంచి కోర్సే, కానీ కోడు రాసే ఉద్యోగానికి దారి కాదు. గొంతు నమూనాలను నేర పరిశోధనకు వాడే ఫోరెన్సిక్ స్పీచ్ సైన్సెస్ పీజీ డిప్లొమా మాత్రం అటూ ఇటూ వంతెన లాంటిది.

హైదరాబాద్‌లో రెండేళ్లుగా టెస్టింగ్ ఉద్యోగం, బీటెక్‌లో 8.2 సీజీపీఏ. జర్మనీ లేదా బ్రిటన్‌లో ఈ చదువు చదవాలని ఉంది. ఖర్చు, ఇబ్బందులు?
— ఒక ఉద్యోగి, మియాపూర్

బ్రిటన్‌లో ఎడిన్‌బరోలో స్పీచ్ అండ్ లాంగ్వేజ్ ప్రాసెసింగ్ ఎమ్మెస్సీ ఉంది. ఏడాది కోర్సు, చివరి వేసవి అంతా డిసర్టేషన్. ఫెస్టివల్ అనే స్పీచ్ సింథసిస్ (రాసింది చదివి వినిపించే) వ్యవస్థ పుట్టింది అక్కడే. స్పీచే కావాలనుకునేవారికి బాగుంటుంది, కాకపోతే ఫీజు భారీ.

జర్మనీలో జార్లాండ్ (జార్‌బ్రుకెన్), స్టుట్‌గార్ట్, ట్యూబింగెన్ పేరున్నవి. రెండేళ్ల కోర్సులు. స్టుట్‌గార్ట్, ట్యూబింగెన్ ఉన్న రాష్ట్రంలో ఐరోపా సమాఖ్య బయటివాళ్లు సెమిస్టరుకు 1500 యూరోలు కట్టాలి. జీవన ఖర్చు దీనికి అదనం.

మీ మార్కులను వాళ్ల లెక్కలోకి మార్చేదాన్ని బవేరియన్ ఫార్ములా అంటారు. గరిష్ఠం లోంచి మీది తీసేసి, దాన్ని గరిష్ఠానికీ పాస్ మార్కుకూ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. పదికి 8.2, పాస్ 4 అయితే 1.9 వస్తుంది. పాస్ 5 అయితే 2.08. అక్కడ అంకె ఎంత తక్కువైతే అంత మంచిది కాబట్టి, పాస్ మార్కు ఎంతో స్పష్టంగా ఉన్న కాగితం కాలేజీ నుంచి తెచ్చుకోండి. భారతీయ విద్యార్థులకు 2022 నవంబరు నుంచి ఏ.పి.ఎస్. సర్టిఫికెట్ (మీ పట్టాలు సరైనవేనని పరిశీలించి ఇచ్చే పత్రం) తప్పనిసరి. అది చేతికి రావడానికి వారాలు పడుతుంది, దరఖాస్తు గడువుకు మూడు నెలల ముందే మొదలుపెట్టండి.

తిరస్కరణకు అసలు కారణం చాలాసార్లు మార్కులు కావు. బీటెక్ సిలబస్‌లో భాషాశాస్త్రం ఒక్క పేపరూ ఉండదు. ఆ లోటు తీర్చే పని ఏదైనా చూపించాలి: ఒక ఆన్‌లైన్ పరిచయ కోర్సు, దానితోపాటు మీ జిల్లా యాసలోని క్రియారూపాలకు విశ్లేషణ ప్రోగ్రాం లాంటిది, కోడు నలుగురికీ చూపించే గిట్‌హబ్ వెబ్‌సైటులో. టెస్టింగ్ అనుభవాన్ని దాచకండి. మోడల్ ఎక్కడ తప్పుతోందో పద్ధతిగా పట్టుకునే నేర్పు ఈ రంగంలో ఎప్పుడూ కొరతే.

మా అబ్బాయి ఈ చదువుకు లక్షన్నర పెట్టి గేమింగ్ లాప్‌టాప్ కొనాలంటున్నారు. నిజమేనా?
— ఒక తల్లి, వరంగల్

అక్కర్లేదమ్మా. 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలు లాప్‌టాప్ చాలు. బరువు పని గూగుల్ కోలాబ్, కాగుల్ అనే వెబ్‌సైట్లలోని ఉచిత జీపీయూల (పెద్ద లెక్కలు వేగంగా చేసే చిప్‌ల) మీద నడుస్తుంది. మిగిలిన డబ్బులో కొంత పెట్టి మంచి హెడ్‌ఫోన్స్ కొనివ్వండి. కోలాబ్ కొన్ని గంటలకు దానంతటదే తెగిపోతుంది, అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. కాబట్టి ప్రతి అరగంటకూ మోడల్‌ను డ్రైవ్‌లోకి సేవ్ చేసే లైను కోడులో ముందే పెట్టుకోమని మీ అబ్బాయికి చెప్పండి.