పల్లెటూరి ప్రెప్ స్కూలా? ముందు పదకొండో ఏటి సంగతి చూసుకోండి

ప్రశ్న: అక్కా, మేం ఇంగ్లండ్‌లోని రెడింగ్ వచ్చి ఏడాది కావస్తోంది. బాబుకి ఏడేళ్లు. ఆఫీసులో ఒకాయన చెబితే న్యూబరీ వైపు పొలాల మధ్య ఉన్న ఒక ప్రెప్ స్కూల్ (పెద్ద ప్రైవేటు బళ్లకు పిల్లల్ని తయారుచేసే ప్రైవేటు బడి) చూసొచ్చాం. పెద్ద పెద్ద గ్రౌండ్లు, పక్కనే అడవి, క్లాసులో 16 మందే. మా ఆయన అక్కడే ఫిదా అయిపోయారు. ఫీజు చూస్తే నాకు గుండె దడ. ఇయర్ 3లో, అంటే ఏడెనిమిదేళ్ల పిల్లల క్లాసులో చేర్చమంటారా?

జవాబు: మీరు చూసొచ్చిన స్కూల్ మంచిదే అయ్యుంటుంది. ఇక్కడి పల్లెల్లో ఉన్న ప్రెప్ స్కూళ్లలో చాలావరకు పిల్లలు హాయిగా ఉంటారు, దానికి నేనేమీ అడ్డు చెప్పను. నా టెన్షన్ వేరే. ఆ బళ్లలో చదువు 13 ఏళ్ల దాకా, అంటే ఇయర్ 8 చివరి దాకా నడుస్తుంది. ఆ తర్వాత పిల్లలు పెద్ద ప్రైవేటు బళ్లకు వెళ్తారు. ప్రభుత్వ బళ్లలోనేమో 11 ఏళ్లకే, ఇయర్ 7లోనే, సెకండరీ మొదలైపోతుంది. ఈ రెండేళ్ల తేడా ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. గ్రౌండ్లు చూసి మురిసిపోయి సంతకం పెట్టేసి, ఇయర్ 6లో తలపట్టుకున్న మనవాళ్లు నాకు తెలుసు.

అసలు ఈ 13 ఎక్కడిదో తెలిస్తే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. రెండొందల ఏళ్ల కిందట ఈటన్ లాంటి పబ్లిక్ స్కూళ్లలో (పేరుకే పబ్లిక్, లక్షలు పోస్తేగాని గేటు తెరవరు) చిన్న పిల్లలూ మీసాలొచ్చిన కుర్రాళ్లూ ఒకే చోట ఉండేవాళ్లు. చిన్నవాళ్ల పాట్లు చెప్పనక్కర్లేదు. అందుకని వాళ్లను కొన్నాళ్లు విడిగా పెట్టి, లాటిన్ గట్రా నేర్పి, ఓ వయసు వచ్చాక పెద్ద బడికి పంపే పద్ధతి వచ్చింది. హాంప్‌షైర్‌లోని ట్వైఫర్డ్ స్కూల్ 1809 నుంచీ ఇప్పుడున్న చోటే ఉంది. 1837లో చార్లెస్ మాల్డెన్ అనే నౌకాదళ అధికారి విండిల్‌షమ్ హౌస్ మొదలుపెట్టాడు. 1892 నాటికి ప్రెప్ స్కూళ్ల హెడ్‌మాస్టర్లకు ఒక సంఘమే ఏర్పడింది. 1904లో కామన్ ఎంట్రన్స్ పరీక్ష వచ్చింది. పేరు వినగానే మనకు ఎంసెట్ గుర్తొస్తుంది గానీ, ఇందులో ర్యాంకుల గోల లేదు. పిల్లాడు ఏ పెద్ద బడికి వెళ్లాలనుకుంటున్నాడో ఆ బడే అతని పేపర్లు దిద్దుకుంటుంది, పాస్ మార్కు కూడా అదే పెట్టుకుంటుంది.

ఈ బళ్లు నిండటానికి మన దేశం కూడా ఒక కారణం. కలెక్టర్లు, జడ్జీలు, రైల్వే ఇంజినీర్లు తమ పిల్లల్ని ఏడెనిమిదేళ్లు రాగానే ఓడెక్కించి ఇక్కడికి పంపేసేవాళ్లు. మద్రాసు ప్రెసిడెన్సీలో, అంటే మన కోస్తా, సీమ జిల్లాల్లో పనిచేసిన దొరల ఇళ్లలోనూ ఇదే తంతు. తల్లీబిడ్డలు మళ్లీ చూసుకోవడానికి ఏళ్లు పట్టేది. ఎనిమిదేళ్లకే బోర్డింగ్ అనే అలవాటు ఈ దేశంలో అంతగా పాతుకుపోవడంలో దానికీ వాటా ఉంది.

ఇక ఊళ్లకు దూరంగా ఎందుకంటారా? మీ చుట్టుపక్కలే చూడండి. చీమ్ స్కూల్ 1645 నాటిది. లండన్ నగరం పెరిగి పెరిగి మీదికి వచ్చేస్తుంటే 1934లో సర్రే వదిలి న్యూబరీ దగ్గర హెడ్లీకి మారింది. లడ్‌గ్రోవ్‌ను 1892లో ఆర్థర్ డన్ అనే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు లండన్‌కు ఉత్తరాన పెట్టాడు. 1937లో అది వోకింగ్‌హామ్ చేరింది. ఎల్‌స్ట్రీ స్కూల్ 1939లో యుద్ధం ముంచుకొచ్చాక హర్ట్‌ఫర్డ్‌షైర్ నుంచి వూల్‌హాంప్టన్ వచ్చేసింది. ఐదారేళ్లలో మూడు బళ్లు మీ ముంగిట్లోకి వచ్చి పడ్డాయన్నమాట. ఊళ్లు మారినా పేర్లు మాత్రం మార్చుకోలేదు. ఓపెన్ డేకి వెళ్లేటప్పుడు మ్యాప్‌లో ఎల్‌స్ట్రీ అని మాత్రమే కొట్టారనుకోండి, లండన్ అవతల తేలతారు. పోస్ట్‌కోడ్ కొట్టండి.

అప్పట్లో జమీందారీ కుటుంబాలు వారసత్వ పన్నులు కట్టలేక, నౌకర్లకు జీతాలివ్వలేక పెద్ద బంగళాలను వదిలించుకుంటున్నాయి. అలాంటివి చాలావాటిలోకి బళ్లు చేరాయి. మీకు నచ్చిన ఆ చెక్క మెట్లు, ఆ పచ్చిక బయళ్లు అలా వచ్చినవే. ఆ పాత పైకప్పుల రిపేర్లు మాత్రం మన ఫీజుల్లోంచే.

రాజకుటుంబం వల్ల వచ్చిన మోజు కూడా కొంత ఉంది. చార్లెస్ చదివింది చీమ్‌లో, విలియం లడ్‌గ్రోవ్‌లో. విలియం పిల్లలు ముగ్గురూ 2022 సెప్టెంబర్‌లో విండ్సర్ దగ్గరి ల్యాంబ్రుక్‌లో చేరారు. మన వాట్సాప్ గ్రూపుల్లో ప్రెప్ స్కూళ్ల మీద చర్చ అప్పటి నుంచే ఊపందుకుంది. పక్కింటి వాళ్లు చేర్చారని, యువరాజు చదువుతున్నాడని చేర్చే బడి కాదిది.

లోపల రోజు ఎలా ఉంటుందో చెప్తాను. మా అమ్మాయి ఇలాంటి ఒక బళ్లో నాలుగేళ్లు డే స్కాలర్‌గా చదివింది. పొద్దున ఎనిమిదింటికల్లా తలుపు దగ్గర హెడ్ నిలబడి ఒక్కొక్కరికీ షేక్‌హ్యాండ్ ఇచ్చి, కళ్లలోకి చూసి పేరు పెట్టి పలకరిస్తారు. సిగ్గరి పిల్లలకు మొదటి నెల నరకం. ఆ తర్వాత ఎవరితోనైనా జంకు లేకుండా మాట్లాడతారు. ఆ గుణానికి మాత్రం నేను ఫీజులో సగం రాసిచ్చేస్తాను. దాదాపు రోజూ ఆటలు ఉంటాయి, వర్షం పడితే ఆగవు. బయట చెక్క స్టాండ్లకు బురద బూట్లు తలకిందులుగా వేలాడుతుంటాయి. బ్రేక్‌లో యూనిఫాం మీదే డాంగ్రీ తొడుక్కుని అడవిలోకి పోయి కొమ్మలతో గుడిసెలు కట్టుకుంటారు. హోంవర్క్‌ను కూడా ఇక్కడ ప్రెప్ అనే అంటారు, కాస్త పెద్ద క్లాసులైతే అది బళ్లోనే చేయించి ఆరింటికి వదులుతారు. చాలా బళ్లలో శనివారం కూడా మ్యాచులో క్లాసులో ఉంటాయి. కాబట్టి వీకెండ్ బర్త్‌డే పార్టీలు, కూచిపూడి క్లాసు, తెలుగు బడి అన్నీ ఆదివారానికి జరపాల్సిందే.

మ్యాచ్ అయ్యాక తల్లిదండ్రులకు టీ, శాండ్‌విచ్‌లు, కేకులు పెడతారు. దయచేసి డ్రాప్ చేసి వెళ్లిపోకండి. ఇక్కడ పరిచయాలన్నీ ఆ టీ దగ్గరే అవుతాయి. ఏమీ తెలియకపోయినా గొడుగు పట్టుకుని గ్రౌండ్ పక్కన నిలబడితే చాలు.

బట్టల సంగతి కూడా చెప్పాలి. సాక్సు దగ్గర్నుంచి తువ్వాలు దాకా ప్రతిదానికీ పేరు నేసిన పట్టీ కుట్టాలి. మన ఇంటిపేర్లు ఆ పట్టీలో పట్టవు. ఇంటిపేరు మొదటి అక్షరం పెట్టి, పిల్లాడి పేరు పూర్తిగా వేయించండి. అన్నీ కొత్తవి కొనకండి, ప్రతి బళ్లోనూ సెకండ్ హ్యాండ్ యూనిఫాం షాపు ఉంటుంది. డాక్టర్ల పిల్లలూ లాయర్ల పిల్లలూ అవే వేసుకుంటారు, నామోషీ ఏమీ లేదు. భోజనం విషయంలో ఫారంలో ఒట్టి వెజిటేరియన్ అని రాస్తే కొన్నిచోట్ల చేప పెడతారు. గుడ్డు తింటాడా లేదా, జెలటిన్ సంగతేంటి అన్నీ విడమరిచి రాయండి.

బోర్డింగ్ గురించి మీరు అడగలేదు గానీ, వాళ్లు మెల్లిగా ఆ మాట తెస్తారు. వారానికి ఒకటి రెండు రాత్రులు ఉంచుకునే ఫ్లెక్సీ బోర్డింగ్ ఇప్పుడు ఎక్కువ. ఇయర్ 7 పిల్లలు ఫ్రెండ్స్‌తో సరదాగా పడుకుంటారు, అది ఫర్వాలేదు. ఎనిమిదేళ్ల వాణ్ణి పూర్తిగా ఉంచడం మాత్రం నేను ఒప్పుకోను. మన దగ్గర ఇంటర్‌కే హాస్టల్లో పడేస్తాం కదా అనకండి, పదహారేళ్లు వేరు, ఎనిమిదేళ్లు వేరు. ఈ బళ్ల చరిత్రలో చీకటి కోణం కూడా ఉంది. ప్రైవేటు బళ్లలో బెత్తం దెబ్బల్ని చట్టం నిషేధించింది 1999లో, అంటే నిన్నగాక మొన్న. రెసిడెన్షియల్ బళ్లలో పిల్లలపై జరిగిన లైంగిక దాడుల మీద ప్రభుత్వం వేసిన స్వతంత్ర విచారణ 2022లో నివేదిక ఇచ్చింది. ఇప్పుడు తనిఖీలు గట్టిగా జరుగుతున్నాయి. అయినా ఇండిపెండెంట్ స్కూల్స్ ఇన్‌స్పెక్టరేట్ వాళ్ల రిపోర్టు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, చదివాకే వెళ్లండి.

డబ్బు మాటకొద్దాం. టర్మ్‌కి 6,000 పౌండ్లు అనుకోండి. 2025 జనవరి 1 నుంచి ప్రైవేటు స్కూల్ ఫీజుల మీద 20 శాతం వ్యాట్ పడింది, కాబట్టి అది 7,200 అవుతుంది. ఏడాదికి మూడు టర్మ్‌లు, 21,600. మీ ఆయన జీతం 40 శాతం శ్లాబులో ఉంటే, నేషనల్ ఇన్సూరెన్స్ కూడా పోను ఆ మొత్తం చేతికి రావాలంటే 37,000 పౌండ్ల పైచిలుకు సంపాదించాలి. ఇయర్ 3 నుంచి ఇయర్ 8 దాకా ఆరేళ్లు, ఫీజు ఒక్క పెన్నీ పెరగదనుకున్నా 1,30,000 పౌండ్ల దాకా తేలుతుంది. పెరగకుండా ఉండదు. బస్సు, పియానో క్లాసు, స్కీయింగ్ ట్రిప్పు వేరే. రెండో పిల్ల ఉంటే లెక్క మీరే వేసుకోండి.

ఇప్పుడు పదకొండో ఏటి సంగతి. రెడింగ్‌లో అబ్బాయిలకు రెడింగ్ స్కూల్, అమ్మాయిలకు కెండ్రిక్ ఉన్నాయి. రెండూ ప్రభుత్వ గ్రామర్ స్కూళ్లు, అంటే ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లల్ని చేర్చుకునేవి, పైసా ఫీజు లేదు. డిపెండెంట్ వీసా మీద ఉన్న పిల్లలు కూడా ప్రభుత్వ బళ్లో చదవొచ్చు. గ్రామర్ పరీక్షకు ఇయర్ 5 వేసవిలోనే రిజిస్టర్ చేయాలి, పరీక్ష ఇయర్ 6 మొదట్లో ఉంటుంది. కౌన్సిల్‌కి (మన మున్సిపాలిటీ లాంటిది) సెకండరీ అప్లికేషన్ అక్టోబర్ 31లోపు పెట్టాలి. చాలా ప్రెప్ స్కూళ్లు ఈ పరీక్షకు కోచింగ్ ఇవ్వవు. ఇయర్ 7, 8లో పిల్లలు తమ దగ్గరే ఉండాలని వాళ్ల కోరిక. అది వాళ్ల వ్యాపారం, తప్పు పట్టలేం.

ఆ అక్టోబర్ 31 దాటి ఇయర్ 8 దాకా ఉంచాక మీరు ఫీజు కట్టలేకపోతే, ఇయర్ 9లో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికే. మంచి ప్రభుత్వ బళ్లలో అప్పటికి సీట్లు ఉండటం అరుదు. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి. ఉద్యోగం పోతే కొత్త స్పాన్సర్‌ను, అంటే వీసాకు పూచీ పడే కంపెనీని వెతుక్కోవడానికి మామూలుగా 60 రోజులే ఇస్తారు. పిల్లాణ్ణి మాన్పించాలంటే మాత్రం బడికి ఒక టర్మ్ ముందు నోటీసు ఇవ్వాలి, లేదంటే ఆ టర్మ్ ఫీజు కట్టాలి. దేశం వదిలి వెళ్తున్నామన్నా చాలామంది వదలరు.

ప్రైవేటులోనే కొనసాగిద్దామనుకున్నా, మంచి పెద్ద బళ్లు చాలావరకు ఇయర్ 6లోనే కంప్యూటర్ మీద ప్రీ-టెస్ట్ పెట్టి సీట్లు ఖాయం చేస్తున్నాయి. పేరుకు 13 అన్నా అక్కడ కూడా అసలు నిర్ణయం 11కే జరుగుతోంది.

నన్నడిగితే ఇలా చేయండి. ఇప్పుడు మీ కౌన్సిల్ ప్రైమరీలో సరైన సీటు ఉంటే బాబుని అక్కడే ఉంచండి. ఆ 21,600లో కొంచెం ఖర్చుపెట్టినా క్రికెట్ క్లబ్బు, ఈత, డ్రామా అన్నీ వస్తాయి. ప్రెప్ మీదే మనసుంటే ఇయర్ 6 చివరి దాకా అని ముందే గిరి గీసుకోండి. ఆరేళ్ల ఫీజు కాకుండా నాలుగేళ్లది లెక్కేయండి, ఒక ఏడాది ఫీజు బ్యాంకులో పక్కన పెట్టాకే చేర్చండి. బళ్లో అడ్మిషన్లు చూసే రిజిస్ట్రార్‌ను ఈ మూడు ప్రశ్నలూ సూటిగా అడగండి: గత రెండేళ్లలో ఇయర్ 6 తర్వాత ఎంతమంది వెళ్లిపోయారు, వాళ్లెక్కడికి వెళ్లారు, ఇయర్ 8లో ఇప్పుడు ఎంతమంది ఉన్నారు. ఇయర్ 8 బాగా పలచబడిందంటే బడి ఇబ్బందుల్లో ఉందేమో చూసుకోవాలి. ట్రస్ట్ నడిపే బడి అయితే జమాఖర్చులు చారిటీ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉంటాయి, వరసగా నష్టాలుంటే ఆగండి. 1843 నాటి యాష్‌డౌన్ హౌస్ లాంటి పేరున్న బడే 2020లో మూతపడింది.

బర్సరీ అడగడానికి మొహమాటపడకండి. స్కాలర్‌షిప్ అంటే ఎక్కువగా పేరుకే, తగ్గేది కొద్దిగానే. బర్సరీ మాత్రం మీ ఆదాయం చూసి ఇస్తారు. ఇండియాలో ఉన్న ఫ్లాట్లు, స్థలాలు కూడా చూపించమంటారు, కాబట్టి ఆ కాగితాలు ముందే సర్దిపెట్టుకోండి. ఇంకోటి, రెండోసారి చూడటానికి ఓపెన్ డే నాడు కాకుండా మామూలు పనిరోజున, వీలైతే ఫిబ్రవరిలో వెళ్లండి. పొద్దున స్కూల్ టైముకి మీ ఇంటి నుంచి కారులో బయల్దేరండి. ఆ సన్నటి పల్లె రోడ్ల మీద ట్రాక్టర్ వెనక పడితే ఎంతసేపు పడుతుందో మీ ఆయనకే తెలుస్తుంది.