రాజీనామా చేసిన ఉద్యోగిని ఎలా పంపాలి?

ప్రశ్న: చీమకుర్తి దగ్గర మాకు గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీ ఉంది, పాతికమంది పనిచేస్తారు. ఎనిమిదేళ్లుగా సూపర్‌వైజరుగా ఉన్న కుర్రవాడు నెల రోజుల నోటీసు ఇచ్చి, ఒంగోలు వైపు మరో ఫ్యాక్టరీలో చేరుతున్నానన్నాడు. పని నేర్పింది నేనే. చివరి నెల జీతం ఆపి, అతని ఒరిజినల్ సర్టిఫికెట్లు మన దగ్గరే ఉంచితే దారికొస్తాడని మా బావమరిది అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక యజమాని, ప్రకాశం జిల్లా

జవాబు: మీ బాధ సహజమైనదే. బ్లాకును చూడగానే లోపల చీలిక ఉందో లేదో పసిగట్టే చూపు అలవడటానికి ఏళ్లు పడుతుంది, అది అతనికి మీ దగ్గరే అలవడింది. అయితే ఇన్నేళ్లూ ఆ చూపు వల్ల మిగిలిన రాయి, తప్పిన నష్టం మీవే కనుక, నేర్పినందుకు అతను మీకు ఇంకా ఏదో బాకీ ఉన్నాడనుకోవడం న్యాయం కాదు.

నిజానికి ఇప్పుడు బాకీ ఉన్నది మీరే. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసిన ఉద్యోగికి రావలసిన వేతనాన్ని అతను పని మానిన రెండు పనిదినాల్లోగా చెల్లించాలి. అతను మీ దగ్గర అడ్వాన్సు తీసుకొని ఉంటే లెక్క కాగితం మీద చూపించి మినహాయించుకోండి. అయిదేళ్లు దాటిన సర్వీసు కాబట్టి గ్రాట్యుటీ, అంటే చేసిన సర్వీసుకు చట్టప్రకారం వెళ్లేటప్పుడు ఇవ్వాల్సిన మొత్తం కూడా ఇవ్వాలి: చివరి మూలవేతనం, కరువు భత్యం కలిపి 26,000 రూపాయలైతే, దానిని 26తో భాగించి 15తో గుణిస్తే ఏడాదికి 15,000, ఎనిమిదేళ్లకు 1,20,000 రూపాయలవుతుంది. దీనిని 30 రోజుల్లోగా చెల్లించకపోతే వడ్డీ పడుతుంది. ఇది మీరు దయతలచి ఇచ్చే బహుమానం కాదని మీ బావమరిదికి కూడా చెప్పండి.

పోటీ ఫ్యాక్టరీలో చేరవద్దని మీరు కట్టడి చేయలేరు. ఉద్యోగం మానిన తర్వాత వేరొకచోట పనిచేయరాదని రాయించుకున్న షరతు 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 27వ సెక్షన్ కింద చెల్లదు. పీఎఫ్ ఖాతాలో ఉద్యోగం మానిన తేదీని మీరే నమోదు చేయండి. అది లేకపోతే అతని డబ్బు బదిలీకి అడ్డంకులు వస్తాయి.

మిగిలిన ఈ నెలలో అతనిని వెలివేసినట్లు చూడకుండా, తర్వాత ఆ బాధ్యత తీసుకోబోయే మనిషిని పక్కన నిలబెట్టి పని అప్పగింపజేయండి. ఒకరోజు ఒంటరిగా కూర్చోబెట్టి ఎందుకు వెళ్తున్నాడో అడగండి, మధ్యలో అడ్డు చెప్పకుండా వినండి. జీతమా, సెలవులా, రాతి దుమ్మా అన్నది తెలిస్తే మిగతావారి విషయంలో సరిదిద్దుకోవడానికి మీకు వీలుంటుంది. చివరి రోజున రిలీవింగ్ లెటరు, అనుభవ ధ్రువపత్రం చేతికివ్వండి. సర్టిఫికెట్ల కోసం మాత్రం ఆ రోజు దాకా ఆగవద్దు. వాటిని తాకట్టుగా ఉంచుకునే హక్కు మీకు ఏనాడూ లేదు, రేపే ఇచ్చేయండి.