చైనా యుద్ధరంగంలో సెసిల్ బీటన్

ప్రశ్న: బ్రిటిష్ రాజకుటుంబీకుల చిత్రాలతో పేరుపొందిన సెసిల్ బీటన్ యుద్ధకాలంలో చైనాలోనూ ఛాయాచిత్రాలు తీశారని విన్నాను. వివరించగలరా? – ఒక స్టూడియో యజమాని, కావలి, నెల్లూరు జిల్లా

జవాబు: మీరు విన్నది నిజమే. రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటన్ సమాచార మంత్రిత్వశాఖ తరఫున పనిచేసిన బీటన్, 1944లో మన దేశం మీదుగా చైనా వెళ్లారు. బర్మా నుంచి చైనాకు సరుకులు చేరవేసే భూమార్గమైన బర్మా రోడ్డు అప్పటికి మూతపడి రెండేళ్లు కావడంతో, చైనాకు మనుషులూ సరుకులూ ప్రధానంగా హిమాలయాల మీదుగా విమానాల్లోనే చేరేవి. యుద్ధకాల రాజధాని చుంకింగ్‌తో పాటు ఇతర ప్రాంతాల్లోనూ ఆయన సైనికులను, ఆసుపత్రుల్లోని క్షతగాత్రులను, వీధుల్లోని సామాన్యులను చిత్రించారు.

ఆయన ఎక్కువగా వాడిన రోలీఫ్లెక్స్ మీ వృత్తిలోని పెద్దలకు పరిచయమే. పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి పైనున్న అద్దంలో చూస్తూ తీసే ఈ కెమెరాలో చతురస్రాకారపు చిత్రాలు ఫిల్ముకు పన్నెండే వచ్చేవి కనుక, ప్రతి చిత్రానికీ ముందే ఆలోచించవలసి వచ్చేది. కిటికీ వెలుగును, నేపథ్యాన్ని రాణుల కోసం ఎంత శ్రద్ధగా ఎంచుకున్నారో సాధారణ సైనికుడి కోసమూ అంతే శ్రద్ధగా ఎంచుకోవడం నాకు నచ్చిన గుణం. అయితే కొన్నిచోట్ల ఆ అందం మరీ ఎక్కువై బాధను కప్పేసిందనీ అనిపిస్తుంది. ప్రచారం కోసం తీసినవన్న సంగతినీ మరువరాదు.

ఆయన యుద్ధకాల చిత్రాలు దాదాపు 7,000 లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.